గుర్తున్నవాళ్ల బాధ

ఒక జ్ఞాపకం కరిగిపోవడాన్ని ఆరున్నర గంటలపాటు వినిపించే ‘ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ నిజానికి ఎవరి కథ?

దయ్యాల సినిమాలో భయపడాలంటే తెర మీద ఏదో ఒకటి కనిపించాలి. తెర లేకుండా, కథ చెప్పే గొంతు లేకుండా, తొంభై ఏళ్ల కిందటి డ్యాన్సు బాణీలను ముడిసరుకుగా తీసుకుని శ్రోతల్ని అంతకన్నా ఎక్కువ కలవరపెట్టిన ఆల్బమ్ ‘ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్’. ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో 1974లో పుట్టిన లేలాండ్ జేమ్స్ కర్బీ ‘ద కేర్‌టేకర్’ అనే మారుపేరుతో దీన్ని చేశాడు. 2016 సెప్టెంబరు నుంచి 2019 మార్చి దాకా, ఇంచుమించు ఆర్నెల్లకొకటి చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. మొత్తం 50 ట్రాకులు, ఆరున్నర గంటలు. డిమెన్షియా మనిషి జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా ఎలా తినేస్తుందో ఆరు దశల్లో వినిపించడం దాని ఉద్దేశం. మొదటి దశలో పాటలు పాటల్లాగే ఉంటాయి. నాలుగో దశకు వచ్చేసరికి పాట అనదగ్గది మిగలదు. ఆరో దశలో ఎక్కడో దూరాన ఖాళీ గదిలో గాలి తిరుగుతున్నట్టు ఒక హోరు. ఇదంతా రోగి మెదడు లోపల జరిగేదాన్ని బయటికి వినిపించడమేనని విన్నవాళ్లూ, దీని గురించి రాసినవాళ్లూ చాలామంది అన్నారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. మరచిపోతున్న మనిషి లోపల ఏం జరుగుతోందో ఈ ఆల్బమ్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆ మనిషి పక్కన కూర్చుని అన్నీ గుర్తుపెట్టుకున్నవాళ్లకు ఏం జరుగుతుందో మాత్రం దీనికి బాగా తెలుసు. దాని బలమూ, దాని లోపమూ రెండూ అక్కడే ఉన్నాయి.

కర్బీ ఒక్కరోజులో ఇక్కడికి రాలేదు. అంతకుముందు వి/విఎమ్ అనే పేరుతో జనం నోళ్లలో నానే పాప్ పాటల్ని పట్టుకుని చితక్కొట్టి, వెక్కిరించి వదిలేవాడు. అల్లరి పనే అయినా అందులో ఒక కసరత్తు ఉంది: అందరికీ తెలిసిన పాటను ఎంతదాకా పాడుచేస్తే అది ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది, ఎక్కడ దాటితే ఇక గుర్తుపట్టలేం అన్న లెక్క. 1999లో ‘ద కేర్‌టేకర్’ పేరుతో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. ఆ పేరు స్టాన్లీ కూబ్రిక్ 1980లో తీసిన ‘ద షైనింగ్’ నుంచి వచ్చింది. అందులో మంచు కురిసే కొండ మీద మూతపడిన హోటలు, దాన్ని కాపలా కాయడానికి వచ్చిన మనిషి, ఎప్పుడో చచ్చిపోయిన అతిథులు డ్యాన్సు చేస్తూ కనిపించే హాలు ఉంటాయి. సినిమా చివర వినిపించే పాత పాట అల్ బౌలీ అనే గాయకుడు పాడింది. ఆ హాలు కర్బీని ఇరవై ఏళ్లపాటు వదల్లేదు. మొదట్లో అది దయ్యాల హాలే. తర్వాత తర్వాత ఆ దయ్యాలు జ్ఞాపకాలని అతనికి తోచినట్టుంది. 2005లో కొత్త జ్ఞాపకాలు ఏర్పడని మతిమరుపు మీద 72 ట్రాకులు చేసి ఉచితంగా పంచిపెట్టాడు. పాటతో ముడిపడ్డ సంగతులు అల్జీమర్స్ రోగులకు బాగా గుర్తుంటాయన్న 2010 నాటి పరిశోధన ప్రేరణగా 2011లో ‘యాన్ ఎంప్టీ బ్లిస్ బియాండ్ దిస్ వరల్డ్’ వచ్చింది. అక్కడితో అతనికి పేరొచ్చింది. అదే పనిని మళ్లీ మళ్లీ చేసుకుంటూ పోవచ్చు. కర్బీ అలా చేయకుండా తాను సృష్టించిన ఆ కేర్‌టేకర్ అనే పాత్రకే డిమెన్షియా తెప్పించి, ఆరు దశల్లో చంపేసి, ఆ పేరును మూసేశాడు.

ముడిసరుకు సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లో సగం అర్థం అందులోనే ఉంది. కర్బీ వాడినవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ ప్లేట్లు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు, కాబట్టి ఆ కాలపు పాటలన్నీ మూడు నిమిషాల పాటలే. ఆ ప్లేట్లకు ముఖ్యమైన దినుసు లక్క. ప్రపంచానికి లక్క ఎక్కువగా సరఫరా చేసింది మన దేశమే. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్క ఓడలెక్కి వెళ్లి లండన్ డ్యాన్సు హాళ్ల పాటయ్యేది. ఉక్కు ముల్లు ఒరిపిడిని తట్టుకోవాలని ఆ లక్కలో రాతిపొడి కలిపేవాళ్లు. ప్లేటు తిరుగుతున్నంతసేపూ వినిపించే ఆ చిటపట చాలావరకు ఆ పొడి వల్లే. అంటే పాట మోగిన ప్రతిసారీ ప్లేటు కొంచెం అరుగుతుంది. వినడమూ చెరపడమూ ఒకే పని. ఇంట్లో పెద్దాయన చెప్పిందే చెబుతుంటే అరిగిపోయిన రికార్డని విసుక్కునే మనకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కర్లేదు. కర్బీ ఆ చిటపటను శుభ్రం చేయలేదు. దాన్ని పెంచాడు, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పెట్టాడు. బాణీలో నాలుగు గతులు కోసి గుండ్రంగా తిప్పాడు, వేగం తగ్గించాడు, పెద్ద హాల్లో మోగుతున్నట్టు ప్రతిధ్వని చేర్చాడు. వాడిన సాధనాలు ఏ ఇంటి కంప్యూటర్లోనైనా దొరికేవే. ఆల్బమ్ మొదట్లోనే వినిపించే బాణీ 1931లో అల్ బౌలీ పాడిన ‘హార్ట్‌ఏక్స్’. ఇదే బౌలీ 1920లలో కలకత్తాలో హోటలు బ్యాండులో వాయించి పొట్టపోసుకున్నవాడు. తర్వాత లండన్ చేరి బ్రిటన్ అంతటా పేరు మోగాక, 1941 ఏప్రిల్లో జర్మన్ బాంబు పేలుడుకు చనిపోయాడు. ఆ విషాదం ఆల్బమ్‌లో ఎక్కడా చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు.

ఇక్కడ ఒక సహజమైన అభ్యంతరం వస్తుంది. బ్రిటన్, అమెరికా డ్యాన్సు హాళ్ల పాటలు మనకేమవుతాయి? అవి మన అవ్వాతాతల పాటలు కావు. మన ఇళ్లలో ప్లేట్ల మీద తిరిగినవి నాటక పద్యాలు, హరికథలు, కచేరీలు. గుర్తే లేని పాట మరపున పడితే బాధెందుకు? ఈ ప్రశ్నకు ఆల్బమ్ నిర్మాణమే జవాబిస్తుంది. మొదటి దశ నలభై నిమిషాలు. అందులో పన్నెండు బాణీలు. అన్నీ తీయగా, ఒకటి రెండుసార్లకే నోటికెక్కేలా ఉంటాయి. శ్రోతకు ఆ నలభై నిమిషాల్లో ఒక చిన్న గతం ఏర్పడుతుంది. ఇది పాత జ్ఞాపకం మీద ఆధారపడిన సంగీతం కాదు, తనకు కావలసిన జ్ఞాపకాన్ని తానే నాటుకుంటుంది. రెండో దశలో ‘హార్ట్‌ఏక్స్’ మరో రూపంలో, మరింత నీరసంగా వస్తుంది. మూడో దశలో మరోసారి వస్తుంది, అప్పటికి బాకాలు బురదలోంచి మోగుతున్నట్టుంటాయి, బాణీ ఉన్నట్టుండి తెగిపోతుంది. ప్రతిసారీ శ్రోత చెవి తెలియకుండానే ఖాళీలు పూరిస్తుంది. తెగినచోట తర్వాత రావలసిన స్వరం మనసులో మోగుతుంది. ఇంగ్లిష్ డ్యాన్సు సంగీతం ఎన్నడూ వినని మనిషికైనా ఇది జరుగుతుంది, ఎందుకంటే గంట కిందట విన్నది చాలు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ ఖాళీ పూరిస్తున్నది ఎవరు? మరచిపోయిన మనిషి పూరించలేడు, పూరించగలిగితే అది మరపే కాదు. మాట మధ్యలో ఆగిపోయిన అమ్మకు తర్వాతి మాట అందించేది పక్కనున్న కూతురు. మూడో దశలో శ్రోత కూర్చున్నది ఆ కూతురి స్థానంలో.

నాలుగో దశ నుంచి ఈ సంగతి ఇంకా స్పష్టపడుతుంది. ఇక్కడి నుంచి ట్రాకులు చిన్నవి కావు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైమాటే. దశకు నాలుగే ట్రాకులు, ఒక్కో దశ దాదాపు గంటన్నర. రెండు మూడు బాణీల ముక్కలు ఒకదానిమీదొకటి పడి కొట్టుకుంటాయి. వాటి మధ్యలోంచి ఒక బాకా పైకి లేచి వెంటనే మునిగిపోతుంది. శ్రోతలు ఎక్కువగా భయపడేది ఇక్కడే. అయితే కర్బీ స్వయంగా ఈ దశ ట్రాకులకు పెట్టిన పేర్లలో ఉన్నది, రోగికి తన స్థితి తెలియని ఘట్టం మొదలైందన్న సూచన. వైద్యం కూడా అదే చెబుతుంది: జబ్బు ముదిరే కొద్దీ తనకు జబ్బుందన్న ఎరుకే చాలామందిలో సన్నగిల్లుతుంది. తొలి రోజుల్లో తాళంచెవులు ఎక్కడ పెట్టానో గుర్తులేదని ఏడ్చిన మనిషి, తర్వాత ఆ తాళం ఉన్న సంగతే పట్టించుకోకపోవచ్చు. ఇది రోగి మనసు చిత్రమే అయితే ఎరుక పోయేకొద్దీ భయం తగ్గాలి. ఆల్బమ్‌లో భయం సరిగ్గా అక్కడే పెరుగుతుంది. కాబట్టి ఆ భయం రోగిది అయ్యుండదు. రెండు దశల కిందట ఆ బాణీ ఎలా ఉండేదో తెలిసినవాళ్లది. మొదటి నాలుగు దశలు వదిలేసి నేరుగా ఐదో దశ పెట్టుకు వినండి. చికాకు పుడుతుంది తప్ప భయం పుట్టదు. పోయింది ఏమిటో తెలియనివాళ్లకు పోవడమన్నది లేదు.

దీనికి ఇంకా గట్టి సాక్ష్యం శాస్త్రంలో ఉంది, అది ఈ ఆల్బమ్‌కు ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది కూడా. అల్జీమర్స్‌లో అన్నిటికన్నా ముందు పోయేది సంగీతం కాదు, చివరిదాకా మిగిలేవాటిలో సంగీతం ఒకటి. కొడుకు పేరు చెప్పలేని తల్లి, తాను చిన్నప్పుడు నేర్చిన కీర్తన చరణం తప్పకుండా పాడటం ఎన్నో ఇళ్లలో చూసేదే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ‘బ్రెయిన్’ పత్రికలో దీనికి ఒక కారణం సూచించారు. బాగా తెలిసిన పాటలు విన్నప్పుడు మెదడులో ఏయే చోట్లు పనిచేస్తాయో ముందు ఆరోగ్యవంతుల్లో గుర్తించారు. ఆ చోట్లను అల్జీమర్స్ రోగుల మెదడు చిత్రాల్లో వెతికితే, మిగతా భాగాలతో పోలిస్తే అక్కడ మెదడు కుంచించుకుపోవడం చాలా తక్కువగా ఉంది. మరి పాటల్నే మొదట కరిగించిన కర్బీ ఆల్బమ్ అబద్ధమా? రోగి మెదడుకు నకలుగా చూస్తే, ఔను, అబద్ధమే. అసలు సంగతి దానికి తలకిందులు. 2011 ఆల్బమ్‌కు ప్రేరణ పరిశోధనలోంచే తెచ్చుకున్నవాడు కర్బీ, కాబట్టి ఈ సంగతి తెలియక చేశాడనుకోలేం. పేర్లూ, ముఖాలూ, తేదీలూ పోవడాన్ని శబ్దంలో నేరుగా వినిపించలేం, అందుకే వాటన్నిటి బదులు పాటను నిలబెట్టాడు. పాట ఇక్కడ రోగి జ్ఞాపకానికి గుర్తు మాత్రమే. ఆ గుర్తును చదివే పని పూర్తిగా శ్రోతది.

‘దశలు’ అన్న ఆలోచన కూడా బయటినుంచి చూసేవాళ్లదే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆలోయిస్ అల్జీమర్ ఒక యాభై ఒక్క ఏళ్ల మహిళను ప్రశ్నలడిగి, ఆమె తడబాట్లు ఒక్కొక్కటే రాసుకున్నాడు. 1906లో ఆమె పోయాక మెదడును పరీక్షించి, జబ్బును వైద్యలోకం ముందు పెట్టాడు. 1982లో అమెరికా వైద్యుడు బ్యారీ రైస్‌బర్గ్ ఆ క్షీణతను ఏడు మెట్లుగా విభజించాడు. ఇవన్నీ మంచం పక్క నిలబడి రాసుకున్న లెక్కలు. మంచం మీద ఉన్న మనిషి మూడో మెట్టు దిగి నాలుగో మెట్టు మీదికి వచ్చానని అనుకోడు. పైగా జబ్బు అందరినీ ఒకే దారిన తీసుకెళ్లదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకే భాష మాట్లాడేవాళ్లకన్నా రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన వీధుల్లో పెరిగిన మనుషుల గురించిన ఆ అధ్యయనాన్ని ప్రపంచమంతా పదే పదే ఉదహరిస్తుంది. ఎవరి మెదడు దారి వారిది. ఆరు దశల వరస కళకు కావలసిన వరస, దాన్ని జబ్బుకు పటంగా పట్టుకుని తిరగకూడదు. కర్బీ అభిమానులు కొందరు ఈ ఆల్బమ్ వింటే డిమెన్షియా అంటే ఏమిటో తెలిసిపోతుందంటారు. తెలిసిపోదు.

ఇంతకన్నా పదునైన విమర్శ నైతికమైనది. ఒక జబ్బును, అదీ నోరు తెరిచి తన వైపు చెప్పుకోలేని మనుషుల జబ్బును, చీకటి సంగీతానికి అలంకారంగా వాడుకోవడం న్యాయమా? నాలుగు, ఐదు దశలు విన్న యువకుడు రేపు తాతను చూస్తే ఆయన తలలో నరకం నడుస్తోందనుకుంటాడు కదా? ఈ విమర్శలో పస ఉంది. జబ్బు ముదిరినవాళ్లలో ఆందోళనతో అల్లాడేవాళ్లు ఉన్నట్టే, ఎండలో కూర్చుని ప్రశాంతంగా నవ్వేవాళ్లూ, పసిపిల్లను చూసి చేతులు చాచేవాళ్లూ ఉన్నారు. కర్బీ నాలుగో దశలో ఒకచోట ఆ ఊరట కోసం ఒక ట్రాకు కేటాయించాడు. మిగతా రొద మాయమై, గంటల చప్పుడులాంటి మెత్తని నాదం తేలుతూ ఉంటుంది. ఆరున్నర గంటల్లో అది చాలా తక్కువ. ఆల్బమ్ మొదలైన కొత్తలో కర్బీకే డిమెన్షియా వచ్చిందని సంగీత పత్రికల్లో వార్త రావడం, అతను అది పాత్రకే తప్ప తనకు కాదని చెప్పుకోవాల్సి రావడం మరో తలనొప్పి. అయినా ఆల్బమ్ మీది నేరం ఇక్కడ పూర్తిగా రుజువు కాదు. పక్కనున్నవాళ్ల భయాన్ని వినిపించే హక్కు పక్కనున్నవాళ్లకుంది. రోగి నవ్వుతూ ఉన్నా కూతురి గుండె జారిపోవడం నిజమే. తప్పు ఎక్కడుందంటే, ఆ భయాన్ని రోగి భయంగా ప్రచారం చేసిన మాటల్లో. దాన్ని సొంతదారుకు తిరిగి ఇచ్చేస్తే విమర్శ బలం చాలావరకు తగ్గుతుంది.

ఇక ఇది సంగీతమేనా అన్న ప్రశ్న. పాత ప్లేట్లు తెచ్చి చెడగొట్టడం ఎవరైనా చేస్తారన్న మాట తరచు వినిపిస్తుంది. చెడగొట్టడం ఎవరైనా చేస్తారు, నిజమే. ఎంత చెడగొట్టాలో తెలియడమే విద్య. ఈ దారిలో కర్బీ కన్నా ముందు నడిచినవాళ్లున్నారు. అమెరికా స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1969లో ఒక గదిలో తన మాటలు రికార్డు చేసి, దాన్ని అదే గదిలో వినిపించి మళ్లీ రికార్డు చేసి, అలా చేసుకుంటూ పోతే చివరికి మాటలు పోయి గది నాదం మిగిలింది. మరో స్వరకర్త విలియమ్ బసిన్‌స్కీ 1980లలో చేసుకున్న టేపులను 2001లో కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే, టేపు మీది ఇనుపపొడి రాలిపోతూ బాణీ కళ్లముందే చచ్చిపోయింది. ‘ద డిసింటిగ్రేషన్ లూప్స్’ అలా పుట్టింది. ఆ రెండింట్లోనూ చెరిపే పని గదో, టేపో చేసింది. మనిషి పక్కకు తప్పుకున్నాడు. కర్బీకి ఆ సౌలభ్యం లేదు. ఏ స్వరం ఎప్పుడు పోవాలో ప్రతి క్షణం తానే నిర్ణయించుకోవాల్సి వచ్చింది. శుద్ధత చూస్తే బసిన్‌స్కీ పనే గొప్పది, అందులో కల్పన లేదు. అయితే బసిన్‌స్కీ బాణీ మనకు ముందు పరిచయం లేదు, అది చనిపోతుంటే అందంగా ఉంటుంది. కర్బీ బాణీ మనకు నేస్తమయ్యాక పోతుంది. ఐదో దశ మాత్రం సాగతీతే. గంటన్నరలో నలభై నిమిషాలు తీసేసినా పోయేదేమీ లేదని నా అభిప్రాయం.

ఒక్క విషయంలో కర్బీని వెనకేసుకు రాలేను. ఈ బాణీలు వాయించినవాళ్లు ఉన్నారు. బాకాలు, వయొలిన్లు పట్టుకుని రాత్రి రెండింటిదాకా హోటళ్లలో వాయించి, పొద్దున స్టూడియోకెళ్లి మూడు నిమిషాల్లో తప్పు లేకుండా రికార్డు చేసిన మనుషులు. ఆల్బమ్‌లో ఆ పాటల అసలు పేర్లు లేవు, కర్బీ పెట్టిన కొత్త పేర్లున్నాయి. ఏ ట్రాకులో ఏ పాట ఉందో అభిమానులే ఏళ్లతరబడి వెతికి పట్టుకున్నారు. పేరు మరచిపోవడమే ఇతివృత్తం కాబట్టి పేర్లు లేకపోవడం కళలో భాగమని సమర్థించవచ్చు. సమర్థన తెలివైందే గాని నాకు రుచించదు. మరపు మీద ఇంత పెద్ద పని చేసిన మనిషి, తానే కొందరిని మరపున పడేశాడు. అట్ట లోపల ఒక చిన్న పట్టిక వేసుంటే కళకు వచ్చే నష్టమేమీ లేదు. అట్టల మీది బొమ్మలు మాత్రం ఇతివృత్తానికి సరిగ్గా కుదిరాయి. చిత్రకారుడు ఐవన్ సీల్ ఎదురుగా వస్తువు పెట్టుకోకుండా జ్ఞాపకంలోంచి గీస్తాడు. కుండీలో పువ్వులనిపించేది కాసేపు చూస్తే పువ్వులు కావు. నాలుగో అట్ట మీద తల అనిపించే ఆకారానికి ముఖం దొరకదు. అక్కడ కూడా ఇది ఏమిటబ్బా అని తడుముకునేది చూసేవాళ్లే.

2020 అక్టోబరులో ఈ ఆల్బమ్‌కు ఎవరూ ఊహించని గిరాకీ వచ్చింది. టిక్‌టాక్‌లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఆరున్నర గంటలూ ఆపకుండా వినగలవా అని ఒకరినొకరు సవాలు చేసుకున్నారు. జబ్బును ఆటగా మార్చారని పాత శ్రోతలు మండిపడ్డారు. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టి వీడియోలు తీసుకోవడం చూస్తే ఆ కోపం అర్థమవుతుంది. కర్బీ మాత్రం కోప్పడలేదు, కుర్రకారుకు డిమెన్షియా మీద సానుభూతి కలిగితే మంచిదేనన్నాడు. ఈ తగాదాలో నేను పిల్లల పక్షం. కరోనా వల్ల అవ్వాతాతల్ని అద్దం అవతలినుంచో, ఫోను తెరమీదో మాత్రమే చూడగలిగిన ఏడాది అది. డ్యాన్సు హాళ్ల కాలం వాళ్ల అవ్వాతాతలకు కూడా పరాయిదే. అయినా మొదటి దశ నలభై నిమిషాలు వాళ్లలోనూ జ్ఞాపకాన్ని నాటింది, తర్వాతి దశలు దాన్ని లాక్కున్నాయి. ఆల్బమ్ పనిచేసే తీరు గురించి నేను పైన చెప్పినదానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు.

ఆరో దశ గురించి అందరూ భయంకరం అంటారు. నాకు అది భయంకరంగా అనిపించదు, విసుగ్గా అనిపిస్తుంది. ఆ విసుగే మొత్తం ఆల్బమ్‌లో అన్నిటికన్నా నిజమైన భాగమని నా వాదన. గంటకు పైగా ఏమీ జరగదు. హోరు, దూరపు గురగుర, మళ్లీ హోరు. చెవి బాణీ కోసం వెతికి వెతికి అలసిపోయి, చివరికి వెతకడం మానేసి, ఇంకెంతసేపుందో అని గడియారం చూస్తుంది. చూసినందుకు సిగ్గుపడుతుంది. మంచాన పడ్డ మనిషిని ఏళ్లతరబడి చూసుకున్నవాళ్లు పైకి చెప్పుకోలేని అనుభవం ఇది: దుఃఖం ఎప్పుడో అయిపోయింది, భయం అయిపోయింది, మిగిలింది పూట పూటకూ చేయాల్సిన పని, ఎప్పుడు ముగుస్తుందా అన్న ఆలోచన, ఆ ఆలోచన వచ్చినందుకు తప్పు చేసినట్టనిపించడం. ఈ సంగతిని ఇంత నిజాయితీగా చెప్పిన కళ అరుదు. చివరి ఐదారు నిమిషాల్లో హోరు ఆగి, అరిగిన ప్లేటు మీంచి చర్చి గానం లాంటిది స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం. మరణానికి ముందు కొందరు రోగులకు హఠాత్తుగా తెలివి వచ్చి, మనుషుల్ని గుర్తుపట్టి మాట్లాడతారు. ఈ గానం దానికి సంకేతమని చాలామంది వ్యాఖ్యానించారు. కావచ్చు. నాకు ఇంకో వివరణ సబబనిపిస్తుంది. చావు దగ్గర బృందగానం పాడేది బతికున్నవాళ్లు. ఆరున్నర గంటలు పక్కన కూర్చున్నవాళ్లకు ఆ పాట దక్కాలి.

ఆ కూర్చునేవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వాళ్లలో చాలామంది ఉండేది ఇళ్లలోనే, చూసుకునేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. వయసు మీద పడితే మతిమరుపు మామూలేనని, చాదస్తమని సరిపెట్టుకుని డాక్టరు దగ్గరికే తీసుకెళ్లని కుటుంబాలు ఎన్నో. ఈ ఆల్బమ్ వాళ్లకు మందు కాదు, సమాచారమూ కాదు. రోగిని చూసుకునేవాళ్ల కుటుంబంలోని మిగతావాళ్లకు, అంటే దూరంగా ఉద్యోగాలు చేస్తూ ఆదివారం ఫోను చేసి అమ్మ ఎలా ఉందని అడిగేవాళ్లకు, ఇది పనికొస్తుంది. వినదలిస్తే సవాలుగా ఒకే రాత్రి ముగించకండి. అసలు విడుదలైన తీరున, మధ్యలో విరామాలిచ్చి వినండి, మొదటి దశ మాత్రం దాటేయకండి. ఇంట్లో ఈ జబ్బుతో పెద్దవాళ్లుంటే వాళ్ల ముందు దీన్ని పెట్టకండి. వాళ్ల పదిహేను నుంచి పాతికేళ్ల వయసులో ఊళ్లో ఏ పాటలు మోగేవో కనుక్కోండి. ఇప్పుడు ఎనభై దాటినవాళ్లకైతే అవి ఘంటసాల, లీల, సుశీల పాటలై ఉండొచ్చు, పద్యాలై ఉండొచ్చు, భజన కీర్తనలై ఉండొచ్చు. ఆ పాటలు రోజూ కాసేపు వినిపించండి.